అప్లికేషన్ నింపించడం కూడా కాలేజీ పనే

మా ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఒక అలవాటు ఉంది. మార్చిలో ఇంటర్ చివరి పరీక్ష అయిపోగానే సెకండియర్ పిల్లల విషయంలో మా పని కూడా అయిపోయినట్టే లెక్క. ఆ తర్వాత వాళ్లు మాకు కనిపించేది మెమో కోసం, టీసీ కోసం. ఎక్కడ చేరారు, ఏ కోర్సులో చేరారు, అసలు చేరారా లేదా అన్నది ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. పాస్ శాతం మాత్రం నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో పెడతాం.

నేను ఎకనామిక్స్ చెబుతాను. ప్రతి వేసవిలో పిల్లల పక్కన కూర్చుని అప్లికేషన్లు నింపించడం చాలా కాలంగా అలవాటైంది. ఆ అనుభవంతో గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. పల్లెటూరి పిల్లలు మార్కులు రాక పోగొట్టుకునే సీట్లు ఎన్నో ఉన్నాయి, నిజమే. కానీ మార్కులు వచ్చి కూడా తేదీ తెలియక, సర్టిఫికెట్ చేతిలో లేక, ఆప్షన్లు సరిగా పెట్టక పోగొట్టుకునే సీట్లు కూడా తక్కువేం కాదు. మార్కుల సంగతి బాగుపడాలంటే ఒకటో తరగతి నుంచి బాగుపడాలి, దానికి ఏళ్లు పడుతుంది. ఈ రెండో నష్టాన్ని ఒక్క విద్యా సంవత్సరంలో ఆపొచ్చు. అయినా అది ఎవరి పనీ కాదన్నట్టు వదిలేశాం.

తెలంగాణ ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో ఒకే ర్యాంకు వచ్చిన ఇద్దరు బీసీ అమ్మాయిలను ఊహించుకోండి. ఒకరు కూకట్‌పల్లిలో ఉండే ఉద్యోగస్తుల కూతురు. వాళ్ల నాన్న గత మూడేళ్ల లాస్ట్ ర్యాంకులు, అంటే ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో, డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని ఉంటాడు. మేనత్త కొడుకు ఇప్పటికే ఇంజినీరింగ్ చదువుతున్న సీనియర్. ఏ కాలేజీలో ప్లేస్‌మెంట్లు నిజమో, ఏది ఫ్లెక్సీల మీద గొప్పో ఇంట్లో భోజనాల దగ్గరే తేలిపోతుంది. రెండో అమ్మాయిది కల్వకుర్తి అవతల ఓ పల్లె. ఆ ఇంట్లో ఇంటర్ గడప తొక్కింది ఆమే మొదలు. ఆమెకు తెలిసిన దారి ఒక్కటే, బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్. ర్యాంకు ఒకటే అయినా నాలుగేళ్ల తర్వాత వీళ్లిద్దరూ ఒకే చోట ఉండరు. ఆ తేడాను తెలివితేటల లెక్కలో వేయడం అన్యాయం.

ఇంటర్నెట్ సెంటర్ నడిపే కుర్రాళ్లను నేను తప్పు పట్టను. ఫలితాలొచ్చిన వారంలో వాళ్లకు ఊపిరాడదు. ఒక్కో పిల్లకు పది నిమిషాలు ఇస్తే గొప్ప. కానీ ఆ పది నిమిషాల్లో జరిగేది చూడండి. ఫోన్ నంబరు అడిగితే పిల్లకు సొంత ఫోను ఉండదు, నాన్న ఫోను పొలంలో ఉంటుంది. ఓటీపీ రావాలి కాబట్టి సెంటర్ వాళ్ల నంబరే ఇచ్చేస్తారు. పాస్‌వర్డ్ కూడా వాళ్లే పెడతారు. తర్వాత సీటు వచ్చిందన్న మెసేజ్ ఆ నంబరుకే పోతుంది. ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాల్సిన, అంటే ఆన్‌లైన్‌లో సీటు ఖాయం చేసుకోవాల్సిన ఆఖరి తేదీ కూడా ఆ నంబరుకే పోతుంది. గడువు దాటిన రెండు రోజులకు పిల్ల వచ్చి, "మేడమ్, నాకు సీటొచ్చిందా?" అని నన్ను అడుగుతుంది. ఆ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

కావాల్సిన కాలేజీలను, కోర్సులను ఆన్‌లైన్‌లో వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్ల దగ్గర జరిగే నష్టం ఇంకా పెద్దది, ఎందుకంటే అది ఎవరికీ కనిపించదు. ఆప్షన్ల పద్ధతి నిజానికి చాలా సరళమైనది. కంప్యూటర్ ర్యాంకు వరుసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. మీ జాబితాను పై నుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది. మీ వంతు వచ్చేసరికి, మీ కేటగిరీలో, ఖాళీగా ఉన్న మొదటి ఆప్షన్ మీకు ఇస్తుంది. అంతే. దీని అర్థం ఏమిటంటే, రాదేమో అనుకున్న మంచి కాలేజీని మొదట పెడితే మీకు పైసా నష్టం లేదు. అది రాకపోతే కింది దానికి వెళ్తుంది తప్ప, పైది అడిగారని కింది దాంట్లో మీ వంతు తగ్గించదు. ఎన్ని ఆప్షన్లు పెట్టినా పరిమితి లేదు. చేయాల్సిందల్లా నిజంగా ఇష్టమైన వరుసలో పెట్టడం, సీటొచ్చినా పోలేని కాలేజీని పెట్టకపోవడం.

ఈ నాలుగు మాటలు పల్లె పిల్లలకు ఎవరూ చెప్పరు. అందుకే పది ఆప్షన్లు పెట్టి ఊరుకుంటారు. "నీ ర్యాంకుకు అది రాదులే" అని ఎవరో అంటే ఉస్మానియానో, జేఎన్‌టీయూనో జాబితాలోంచి తీసేస్తారు. లేకపోతే స్నేహితురాలి జాబితా యథాతథంగా దించుకుంటారు. మొదటి విడతలో ఏదీ రాకపోతే కంగారుపడి, చివరికి స్పాట్ అడ్మిషన్‌లోనో మేనేజ్‌మెంట్ కోటాలోనో చేరతారు. అలా చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉండదన్న సంగతి చేరాక తెలుస్తుంది.

ఇక్కడే పీఆర్వోలు దిగుతారు. ఏప్రిల్, మే నెలల్లో ప్రైవేటు కాలేజీల తరఫున ఊళ్లలో తిరిగే మనుషులు వీళ్లు. పిల్లల ఫోన్ నంబర్లు ఎక్కడ సంపాదిస్తారో గానీ ఇంటికే వస్తారు. ఎంతో ఆప్యాయంగా మాట్లాడతారు. "ఆప్షన్లు మేమే పెడతాం అన్నా, మీరు ఓటీపీ చెప్తే చాలు" అంటారు. ఆ జాబితాలో మొదటి ఐదూ ఒకే యాజమాన్యం కాలేజీలు ఉంటాయి. తండ్రికి వాళ్లు దేవుడిలా కనిపిస్తారు, ఎందుకంటే ఆ ఇంటికి వచ్చి పిల్ల చదువు గురించి కూర్చుని మాట్లాడిన మొదటి మనిషి ఆ పీఆర్వోనే. నన్ను బాధపెట్టేది ఇదే. ఆ ఇంటికి మేం వెళ్లాల్సింది. కనీసం ఆ పిల్లను మేం పిలిపించాల్సింది.

డబ్బు లెక్క కూడా పిల్లలకు ముందే చెప్పాలి. తెలంగాణలో ఎప్‌సెట్ ర్యాంకు 10 వేల లోపు వచ్చిన బీసీ పిల్లలకు కన్వీనర్ కోటాలో, అంటే కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకు, పూర్తి ఫీజు వస్తుంది. ఆ పైన ర్యాంకులకు, కొన్ని మినహాయింపులు తప్ప, ఏడాదికి 35 వేల రూపాయలే. కాలేజీ ఫీజు 90 వేలుంటే మిగతా 55 వేలు ప్రతి ఏటా ఆ ఇల్లు కట్టుకోవాలి, హాస్టల్ ఖర్చు దానికి అదనం. అదే ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీలో రెగ్యులర్ కోర్సు ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చాలావరకు తీరిపోతుంది. ఈ లెక్క తెలిసిన ఇల్లు ఆప్షన్ల వరుసను వేరేగా పెడుతుంది. "రీయింబర్స్‌మెంట్ ఉంది, ఫీజు మాఫీ" అన్న ఒక్క మాట విని చేరిన ఇల్లు రెండో ఏడు అప్పుల్లో పడుతుంది. పైగా ప్రభుత్వం ఆ బకాయిలు నెలల తరబడి ఆపితే కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటున్నాయి. అది ఇంకో వ్యాసమంత బాధ.

ఇక సర్టిఫికెట్లు. చదువుకున్నవాళ్లు కూడా తేలిగ్గా తీసుకునే విషయం ఇది, కానీ నా వేసవి మొత్తం దీనికే పోతుంది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కావాలి, లోకల్ అని తేలేది వాటితోనే. నాన్న పనికోసం వలస పోయినప్పుడు ఆ పిల్ల ఏడో తరగతి ముంబయిలోనో, భివండీలోనో చదివి ఉంటుంది. పాలమూరు ఇళ్లలో ఇది మామూలే. ఆ బడి నుంచి కాగితం తేవాలంటే రైలెక్కాలి. జూలైలో కౌన్సెలింగ్ పెట్టుకుని జూన్ చివర్లో తెలిస్తే ఏం చేస్తారు? నవంబరులో తెలిస్తే సంక్రాంతికి అటు పోయివచ్చే బంధువు ఎవరో ఒకరు తెచ్చిపెడతారు.

టెన్త్ మెమోలో పేరు ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో తండ్రి పేరు తోకలా అంటుకుని ఉంటుంది. పుట్టిన తేదీ కూడా అంతే. స్కాలర్‌షిప్ అప్లికేషన్ ఆగిపోయే కారణాల్లో ఇది మొదటి వరుసలో ఉంటుంది.

అన్నిటికన్నా ఎక్కువ మందిని దెబ్బతీసేది ఓబీసీ సర్టిఫికెట్. మన పిల్లల దగ్గర మీ సేవలో తీసుకున్న బీసీ-ఎ, బీసీ-బి, బీసీ-డి కుల ధ్రువీకరణ పత్రం ఉంటుంది. అది రాష్ట్ర ప్రభుత్వ కౌన్సెలింగ్‌కు పనికొస్తుంది. జోసా అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ద్వారా ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్లకు పోవాలంటే అది చెల్లదు. కేంద్రం నమూనాలో నాన్ క్రీమీలేయర్ (సంపన్న వర్గం కాదని చెప్పే) సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ జారీ అయినది. కేంద్ర జాబితాలో ఆ కులం ఉందో లేదో కూడా చూసుకోవాలి, ఎందుకంటే రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ కేంద్ర జాబితాలో లేవు. ఇది తెలియక పాత కాగితం పట్టుకుని పోయిన పిల్లను జనరల్ కేటగిరీలో పడేస్తారు. అప్పుడు వేల ర్యాంకుల తేడా వస్తుంది. ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని కులాల్లోని పేదల కోటా) పిల్లల పరిస్థితీ ఇంతే. ఏప్రిల్ మొదటి వారంలో తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టించడం అనే చిన్న పనితో ఇది తప్పిపోతుంది.

నేను సీఈసీ, హెచ్‌ఈసీ (కామర్స్, ఆర్ట్స్) గ్రూపుల పిల్లలకు పాఠం చెబుతాను కాబట్టి వాళ్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. తెలుగునాట కాలేజీ అడ్మిషన్ అంటే ఇంజినీరింగ్, మెడిసిన్. మా గ్రూపుల పిల్లలకు రాష్ట్ర ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో డిగ్రీ అప్లికేషన్ పెట్టుకోవడం తప్ప వేరే దారి ఉందని ఎవరూ చెప్పరు. 2016లో మొదలైన దోస్త్ వల్ల మంచే జరిగింది, కాలేజీల చుట్టూ తిరిగే బాధ తప్పింది. కానీ లోకం అంతటితో ఆగిపోలేదు. 2022 నుంచి సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది, దాన్ని తెలుగులోనూ రాయొచ్చు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ కోర్సులున్నాయి. ఎకనామిక్స్, హిస్టరీ, సోషియాలజీ, పొలిటికల్ సైన్స్, తెలుగు అన్నీ ఉన్నాయి. మా కాలేజీ నుంచి ఒక్క బస్సు ప్రయాణం. ఆ క్యాంపస్ ఉందని తెలుసు, తాము అందులో చదవొచ్చని మాత్రం మా పిల్లలకు తెలియదు.

సీయూఈటీలో ఇంకో మెలిక ఉంది. పరీక్ష రాస్తే సరిపోదు. ఫలితం వచ్చాక, కొన్నిచోట్ల అంతకుముందే, ఏ యూనివర్సిటీ కావాలో ఆ వెబ్‌సైట్‌లో మళ్లీ అప్లై చేయాలి. ఢిల్లీ యూనివర్సిటీకి దాని పోర్టల్ వేరు, హైదరాబాద్‌కు వేరు. పరీక్షకు ఏ సబ్జెక్టులు ఎంచుకున్నామన్నది కూడా కోర్సును బట్టి ఉండాలి, తప్పు సబ్జెక్టు ఎంచుకుంటే మార్కులున్నా అర్హత ఉండదు. మంచి స్కోరు తెచ్చుకుని, యూనివర్సిటీ పిలుస్తుందని ఇంట్లో ఎదురుచూసిన పిల్లలను చూశాను. ఎవరూ పిలవరు. మనమే తలుపు తట్టాలి.

టీచర్ కావాలనుకునే పిల్లలు మా దగ్గర ప్రతి ఏడూ ఉంటారు. నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీ కోర్సుకు ఎన్‌సెట్ అనే పరీక్ష ఉందని వాళ్లకు చెబితే కళ్లు విప్పార్చి చూస్తారు. అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజు, హాస్టల్ ఖర్చు దాకా స్కాలర్‌షిప్ ఇస్తారు. ఐఐటీల్లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ట్యూషన్ ఫీజు లేదు, ఏ కులమైనా ఏడాది ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తిగా మాఫీ. ఇంటర్ మార్కుల్లో బోర్డు మొత్తం మీద పై 20 శాతం మందిలో ఉండి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపున్న వాళ్లకు కేంద్రం డిగ్రీలో ఏడాదికి 12 వేల స్కాలర్‌షిప్ ఇస్తుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో అప్లై చేయాలి. దీనికి అర్హులైన పిల్లలు ప్రభుత్వ కాలేజీల్లో ఉన్నారు. వాళ్లలో చాలామందికి ఆ పోర్టల్ పేరే తెలియదు.

సమాచారం అంతా యూట్యూబ్‌లో ఉందిగా అంటారు కొందరు. ఉంది, కానీ కలగాపులగంగా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ (మన ఎప్‌సెట్ లాంటి అక్కడి పరీక్ష) ర్యాంకుకు ఇంటర్ మార్కులు 25 శాతం కలుపుతారు, తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు. రెండు రాష్ట్రాల వీడియోలూ తెలుగులోనే ఉంటాయి కాబట్టి పిల్ల ఏది చూస్తుందో దాన్నే నమ్ముతుంది. నిరుటి తేదీ, నిరుటి రూలు పట్టుకుని కూర్చున్న పిల్లలూ ఉన్నారు. ఏది తన రాష్ట్రానిది, ఏది ఈ ఏటిది అని విడదీసి చెప్పే పెద్ద మనిషి ఒకరు పక్కన కావాలి.

ఆడపిల్లల విషయంలో ఆ పెద్ద మనిషి అవసరం రెట్టింపు. గచ్చిబౌలిలో సీటు వచ్చిన అమ్మాయి తండ్రి ఒకాయన కాలేజీకి వచ్చి, "మేడమ్, అంత దూరం ఎట్ల పంపాలె? మా అన్నలు ఊకుంటరా?" అన్నాడు. ఆయన పిల్ల మీద ప్రేమ లేక అన్న మాట కాదది. ఆయనకు ఆ చోటు ఎలా ఉంటుందో తెలియదు. "అన్నా, ఒకసారి నాతోని వచ్చి చూడు, నచ్చకపోతే తీస్కపోదువు" అన్నాను. వచ్చాడు. లేడీస్ హాస్టల్ ముందు గేటు, రిజిస్టర్, వార్డెన్‌తో మాటలు, మన జిల్లా నుంచే వచ్చి అక్కడ చదువుకుంటున్న ఇద్దరు అమ్మాయిలు, అన్నీ చూశాడు. పాప చేరింది. వెబ్‌సైట్‌లో ఎంత సమాచారం పెట్టినా ఆ తండ్రి భయం పోయేది కాదు.

గడువు, డబ్బు రెండూ కలిసి ఒక పిల్లాడిని ఎంత దూరం నెట్టగలవో 2024లో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్‌లో రోజుకూలీ కొడుకు ఒకరు జేఈఈ అడ్వాన్స్‌డ్ గెలిచి ఐఐటీ ధన్‌బాద్‌లో ఎలక్ట్రికల్ సీటు తెచ్చుకున్నాడు. సీటు ఖాయం చేసుకోవడానికి 17,500 రూపాయలు గడువులోగా కట్టలేకపోయాడు. ఇల్లంతా అప్పు చేసి కూడబెట్టేసరికి పోర్టల్ మూసుకుపోయింది. చివరికి సుప్రీంకోర్టు తన ప్రత్యేక అధికారం వాడి అతనికి సీటు ఇప్పించింది. మంచి తీర్పు. కానీ మన జిల్లాల్లో అలా సీటు పోయిన పిల్లలు సుప్రీంకోర్టు దాకా పోలేరు. ఆ 17,500 కోసం కాలేజీలో ఒక చిన్న నిధి ఉంటే, ఆ గడువు గుర్తుపెట్టుకునే లెక్చరర్ ఒకరుంటే కోర్టు అవసరమే రాదు.

మా తోటి లెక్చరర్లు అడిగే ప్రశ్న నాకు తెలుసు. సిలబస్, ఇన్విజిలేషన్, స్పాట్ వాల్యుయేషన్, ఎన్నికల డ్యూటీ, మధ్యలో ఇదెక్కడ? నిజమే, పని ఎక్కువే. గెస్ట్ లెక్చరర్లకు వేసవిలో జీతమే రాదు, వాళ్లను ఉచితంగా చేయమనడం తప్పు. అందుకే ఇది ఎవరి దయ మీదా నడవకూడదు అంటున్నాను. ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఒకరికి అడ్మిషన్ల బాధ్యత అధికారికంగా ఇవ్వాలి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పని చేసినందుకు డబ్బు ఇవ్వాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఏటా వేల కోట్లు లెక్కేసే ప్రభుత్వానికి ఇది భారం కాదు. తమిళనాడు 2022లో 'నాన్ ముదల్వన్' పథకం తెచ్చి, ప్రభుత్వ బడి పిల్లలకు పై చదువుల దారి చూపడం ప్రభుత్వం బాధ్యతేనని ఒప్పుకుంది. మనం ఆ మాట ఒప్పుకుంటే చాలు, తక్కిన పని కష్టం కాదు.

ఇంకో మాట కూడా వినిపిస్తుంది, పిల్లలు తమంతట తాము నేర్చుకోవాలి, అన్నీ చేతికి అందిస్తే ఎలా అని. హైదరాబాద్‌లో డబ్బున్న ఇళ్లు అమెరికా కాలేజీల అప్లికేషన్లకు కన్సల్టెంట్లకు లక్షలు ఇస్తున్నాయి. ఆ పిల్లలను ఎవరూ ఈ ప్రశ్న అడగరు. నేను మాత్రం అప్లికేషన్ నా చేత్తో నింపను. పక్కన కూర్చుంటాను, మౌస్ పిల్ల చేతిలోనే ఉంటుంది. ఆప్షన్ల జాబితా ముందు కాగితం మీద రాయిస్తాను, ఎందుకు ఆ వరుసో నాకు చెప్పమంటాను. ఒకసారి అలా చేసిన పిల్ల మరుసటి ఏడు ఊళ్లో ఇంకో నలుగురికి చేసిపెడుతుంది.

అసలు ఇది టెన్త్ నుంచే మొదలవ్వాలి. 2008లో పెట్టిన బాసర ట్రిపుల్ ఐటీలో సీటు టెన్త్ మార్కుల మీదే ఇస్తారు. ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనపు వెయిటేజీ కూడా ఉంటుంది. ఆరేళ్ల చదువు, హాస్టల్. అయినా ఏ సర్పంచో, ఏ టీచరో చెబితే తప్ప అప్లికేషన్ పడదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ కూడా అంతే.

ఇది చదువుతున్నవాళ్లలో ఇలాంటి ఊళ్ల నుంచే వెళ్లి బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఉంటారు. ఊరి బడికి బెంచీలు, ఫ్యాన్లు ఇస్తుంటారు, సంతోషం. ఈ ఏడు దానితో పాటు సెకండియర్ చదివే ఒక్క పిల్లకు పెద్ద దిక్కుగా ఉండండి. ఆమె పేరు మీద ఒక సిమ్, ఒక మెయిల్ ఐడీ ఉండేలా చూడండి. అక్టోబరు నుంచి జేఈఈ, ఆ తర్వాత సీయూఈటీ, ఎప్‌సెట్ దరఖాస్తు తేదీలు వారానికోసారి ఫోన్ చేసి గుర్తుచేయండి. పరీక్షల ఫీజులన్నీ కలిపినా మీకు పెద్ద మొత్తం కాదు, ఆ ఇంటికి మాత్రం అవుతుంది. మొదటి ఫోన్‌లో అడగాల్సింది టెన్త్ మెమో, ఆధార్ రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో పంపమని. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా దసరా సెలవుల్లోనే ఆధార్ సెంటర్‌కు పంపండి. మే నెల దాకా ఆగితే అక్కడ లైను రోడ్డు మీదికి వస్తుంది.